‘మీవాళ్లకు గది లేదు’ అన్నచోట మొదలైన కొండ విడిదులు

అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయ రోజుల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఎక్కువగా జాన్ డ్యూయీ పేరు తలుచుకుంటాం. అక్కడ ఆయనకు ఆర్థికశాస్త్రం చెప్పిన ఎడ్విన్ సెలిగ్మన్ పేరు అంతగా వినపడదు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ గురించి అంబేడ్కర్ రాసి 1925లో అచ్చు వేయించిన పుస్తకానికి ముందుమాట రాసింది ఈయనే. సెలిగ్మన్ యూదుడు. ఆయన పదహారేళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడు, అంటే 1877 వేసవిలో, ఆయన తండ్రి జోసెఫ్ సెలిగ్మన్ కుటుంబంతో కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్ అనే వేసవి విడిది ఊరికి వెళ్లాడు. గ్రాండ్ యూనియన్ హోటల్ వాళ్లు గది ఇవ్వం పొమ్మన్నారు.

హోటల్ నడిపే హెన్రీ హిల్టన్ కారణం దాచుకోలేదు. యూదులు దిగితే మిగతా గిరాకీ పోతుందన్నాడు. జోసెఫ్ సెలిగ్మన్ అనామకుడేం కాదు. బవేరియా నుంచి వలస వచ్చి, ఊరూరా తిరిగి సరుకులమ్మి, చివరికి న్యూయార్క్‌లో బ్యాంకు పెట్టినవాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది ప్రభుత్వ బాండ్లను ఐరోపాలో అమ్మిపెట్టినవాడు. అధ్యక్షుడు గ్రాంట్‌కు దగ్గరివాడు. అంతకుముందు అదే హోటల్లో దిగినవాడు కూడా. నాలుగు డబ్బులు సంపాదిస్తే వివక్ష దానంతటదే పోతుందని మనకు ఇప్పటికీ నీతులు చెప్పేవాళ్లున్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

ఆ ఇంటి కొడుకు దగ్గర చదువుకున్న శిష్యుడు అమెరికా, లండన్ చదువుల తర్వాత బరోడాకు ఉద్యోగానికి వచ్చినప్పుడు ఏం జరిగిందో మనకు తెలుసు. హిందూ హోటల్లోకి రానివ్వరు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని తలదాచుకున్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి బయటికి గెంటారు. 1934లో సహచరులతో కలిసి వేరూళ్ గుహలు చూద్దామని యాత్రకు బయల్దేరితే, అప్పటి నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట దగ్గర చెరువు నీళ్లతో ముఖం కడుక్కున్నందుకు గొడవైంది. విహారయాత్ర కూడా మనకు పోరాటమే అయిన చరిత్ర అది. విశ్రాంతి తీసుకునే చోటు, సరదాగా తిరిగే చోటు ఎవరిది అన్న ప్రశ్న నీళ్ల ప్రశ్న, గుడి ప్రశ్న అంత పాతది. దాని మీద మనం తక్కువ రాశాం.

అందుకే ఈ వ్యాసం క్యాట్‌స్కిల్స్ కొండల గురించి. న్యూయార్క్ నగరానికి వాయవ్యంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, సల్లివన్, అల్‌స్టర్ కౌంటీల్లో, గది దొరకని జనం సొంతంగా వందల హోటళ్లు కట్టుకున్నారు. అరవై డెబ్భై ఏళ్లు అవి వెలిగాయి. తర్వాత ఖాళీ అయిపోయాయి. ఎలా కట్టుకున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎందుకు ఖాళీ అయ్యాయన్నదీ మనకు అంతే ముఖ్యం.

బోర్డు మీది మాటలు

సెలిగ్మన్ ఉదంతం తర్వాత వెలివేత తగ్గలేదు, రివాజైంది. కొండ ప్రాంతాల హోటళ్లు ప్రకటనల్లోనే యూదులు వద్దు, క్షయరోగులు వద్దు అని కలిపి రాసేవి. మనుషుల్ని రోగంతో జతకట్టడం ఆ దేశంలోనూ కొత్త కాదన్నమాట. లైబ్రరీల్లో పుస్తకం వీపు మీద కనిపించే దశాంశ అంకెల పద్ధతి తెలుసు కదా, దాన్ని తయారుచేసిన మెల్విల్ డ్యూయీ 1895లో లేక్ ప్లాసిడ్ క్లబ్ అని ఒక కొండ విడిది పెట్టాడు. అందులో యూదులకు ప్రవేశం లేదు. అప్పుడాయన న్యూయార్క్ రాష్ట్ర గ్రంథాలయాధికారి. లూయీ మార్షల్ అనే లాయరూ మరికొందరు యూదు పెద్దలూ ప్రభుత్వ పదవిలో ఉన్న మనిషి ఇలా చేయడమేమిటని 1905లో ఫిర్యాదు పెట్టారు. డ్యూయీ పదవి వదులుకున్నాడు, క్లబ్ నియమం మాత్రం వదులుకోలేదు. (అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకం నుంచి ఆయన పేరు తీసేయడానికి 2019 దాకా పట్టింది.)

అదే మార్షల్ పట్టుబట్టి 1913లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చట్టం తెప్పించాడు. ఫలానా జాతివాళ్లకు, ఫలానా మతంవాళ్లకు ప్రవేశం లేదని హోటళ్లు ప్రకటించడం నేరమైంది. ప్రకటనలు భాష మార్చాయి. ‘ఎంపిక చేసిన అతిథులకు మాత్రమే’ అని రాశారు. ‘చర్చి దగ్గరలోనే ఉంది’ అని రాశారు. చదివేవాళ్లకు అర్థమయ్యేది.

మనకూ అర్థమవుతుంది. వెంగళరావు నగర్, యూసుఫ్‌గూడ, ఎస్సార్ నగర్ సందుల్లో టు-లెట్ బోర్డులు చూస్తూ నడిచిన ఎవరికైనా ‘శాకాహారులకు మాత్రమే’ అన్న మాట దేనికి మారుపేరో విడమరిచి చెప్పనక్కర్లేదు. బోర్డు మీద అది లేకపోతే ఇంటి ఓనరు ‘ఇంటిపేరేంటి బాబూ’ అంటాడు, ‘సొంతూరు ఎక్కడ’ అంటాడు. రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లో కులం పేరిట అడ్డుకోకూడదని పేరుపెట్టి చెప్పింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. బోర్డులు భాష మార్చాయి, అంతే.

బండరాళ్ల పొలంలో గదులు

1880ల తర్వాత రష్యా సామ్రాజ్యంలోనూ తూర్పు ఐరోపాలోనూ ఊచకోతలకూ పేదరికానికీ తట్టుకోలేక లక్షల మంది యూదులు న్యూయార్క్ చేరారు. ఎక్కువమంది ఇరుకు గదుల్లో, బట్టల కార్ఖానాల్లో కుట్టుపని. గాలి లేదు, వెలుతురు లేదు. క్షయ పట్టుకుంది. కొండగాలి మంచిదని డాక్టర్లు చెప్పే కాలం. క్యాట్‌స్కిల్స్‌లోని లిబర్టీ ఊళ్లో 1890లలోనే క్షయ ఆసుపత్రి వెలిసింది. ఊరి పాత రైతులు రోగుల భయంతోనూ, పంట రాని బండనేలతోనూ విసిగిపోయి పొలాలు చవగ్గా అమ్మేశారు. కొన్నది యూదులు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వాళ్లు కొనగలిగారు. 1900లో ఏర్పడిన జ్యూయిష్ అగ్రికల్చరల్ సొసైటీ తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. అగ్నిప్రమాద బీమా దొరక్క ఇబ్బంది పడితే 1913లో ఆ రైతులే సొంతంగా సహకార బీమా సంస్థ పెట్టుకున్నారు. వెలివేతను తట్టుకుని నిలబడ్డ ప్రతి సమూహం కథలోనూ ‘పట్టుదల’ అన్న మాట బాగా వాడతారు. పట్టుదల సరే. దాని కింద భూమి ఉంది, అప్పు పుట్టించే సంస్థ ఉంది, సంఘం ఉంది. ఆ రోజుల్లో మన పల్లెల్లో పాలేరుకు తన పేర ఎకరం లేదు, వారానికి ఒక పూట సెలవూ లేదు.

కొన్న నేల పంట పండలేదు. నగరం నుంచి చుట్టాలు, తెలిసినవాళ్లు వేసవికి వచ్చి ఉంటామంటే గదులు అద్దెకిచ్చి అన్నం పెట్టారు. పాలూ గుడ్లూ అమ్మితే వచ్చేదానికన్నా గదుల మీద వచ్చేదే ఎక్కువని తేలింది. సెలిగ్, మాల్కె గ్రాసింగర్ దంపతులదీ ఇదే దారి. బట్టల కార్ఖానాలో ఇస్త్రీ పని చేసి ఆరోగ్యం పాడైన సెలిగ్ 1914లో లిబర్టీకి దగ్గర్లో శిథిలమైన ఒక ఇల్లూ పొలమూ కొన్నాడు. కరెంటు లేదు, నీటి కొళాయి లేదు. మాల్కె వంట బాగా చేసేది. యూదు ఆచారం ప్రకారం మాంసం, పాలు కలవకుండా విడివిడి గిన్నెల్లో వండే కోషర్ భోజనం. కూతురు జెన్నీ లెక్కలు చూసింది, అతిథుల్ని పలకరించింది. 1919లో పెద్ద స్థలానికి మారారు. తర్వాత అది 1,200 ఎకరాలు, 35 భవనాలు, సొంత పోస్టాఫీసు, సొంత విమానాల రన్‌వే ఉన్న ఊరైంది. 1952లో మంచు పడకపోతే కృత్రిమ మంచు కురిపించి స్కీయింగ్ చేయించారు. ఆ సంవత్సరాల్లోనే అంబేడ్కర్ న్యూయార్క్‌లో చదువుతున్నాడు అని గుర్తు పెట్టుకుంటే ఈ 1914 మనకు ఇంకొంచెం దగ్గరగా కనిపిస్తుంది.

1950ల నాటికి ఆ కొండల్లో 500కు పైగా హోటళ్లున్నాయి, వేల సంఖ్యలో చిన్న బంగళాలున్నాయి. అతి పెద్దది కియామీషా లేక్ దగ్గరి కాంకర్డ్. ఒకేసారి మూడువేల మంది కూర్చుని తినే భోజనశాల. కానీ అందరూ కాంకర్డ్‌కు వెళ్లలేరు. పేదవాళ్లకు ‘కుఖలేన్’ ఉండేవి. యిద్దిష్ భాషలో ఆ మాటకు ఎవరి వంట వాళ్లు చేసుకునే చోటు అని అర్థం. వరండా, ఒక గది, అందరికీ కలిపి ఒక వంటిల్లు. తల్లులూ పిల్లలూ వేసవంతా అక్కడే. తండ్రులు వారమంతా నగరంలో కుట్టుమిషన్ ముందు కూర్చుని శుక్రవారం సాయంత్రం వచ్చేవాళ్లు, ఆదివారం రాత్రి వెళ్లిపోయేవాళ్లు. యుద్ధం తర్వాత నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లూ ఈ బంగళాలకే వచ్చారు. తమను ఏమీ అడగని మనుషుల మధ్య, తమ భాషలో, ఒక ఎండాకాలం.

కార్మిక సంఘాల విడిదులు వేరే కథ, మన ఉద్యమకారులు ప్రత్యేకంగా చదవాల్సిన కథ. మహిళల దుస్తుల కార్మిక సంఘానికి చెందిన 25వ శాఖ, అందులో ఎక్కువమంది యువతులు, 1919లో పక్కనున్న పెన్సిల్వేనియాలోని పోకోనో కొండల్లో ఒక రిసార్టే కొనేసి యూనిటీ హౌస్ అని పేరు పెట్టింది. సరస్సు, పడవలు, గ్రంథాలయం, ఉపన్యాసాలు. కార్ఖానాలో మిషన్ తొక్కే అమ్మాయికి విశ్రాంతి హక్కు అని వాళ్లు తీర్మానాల్లో రాసి ఊరుకోలేదు.

నవ్వించినవాళ్లు, గిన్నెలు కడిగినవాళ్లు

వానపడితే అతిథులు విసుక్కుని వెళ్లిపోకుండా చూడ్డానికి ప్రతి హోటల్లో ఒక ‘టుమ్లర్’ ఉండేవాడు. కేకలు పెట్టి, ఈతకొలనులోకి బట్టలతో దూకి, ఏదో ఒకటి చేసి నవ్వించడం వాడి పని. డానీ కే, జెర్రీ లూయిస్, మెల్ బ్రూక్స్, జోన్ రివర్స్ లాంటివాళ్లు ఈ కొండ హోటళ్ల వేదికల మీద రాటుదేలి హాలీవుడ్‌కూ టీవీకీ వెళ్లారు. ఒక్కడే మైకు పట్టుకుని నిలబడి తన ఇంటి గురించి, తన జనం గురించి, తన కష్టం గురించి నవ్వుతూ చెప్పే స్టాండప్ కామెడీకి ఇది పెద్ద బడి.

ఫిల్మ్‌నగర్ పక్కన బతికేవాళ్లం కాబట్టి ఒక సంగతి మనకు తట్టకుండా ఉండదు. డానీ కే అసలు పేరు కమిన్‌స్కీ. మెల్ బ్రూక్స్‌ది కూడా కమిన్‌స్కీయే. జెర్రీ లూయిస్ ఇంటిపేరు లెవిచ్. జోన్ రివర్స్‌ది మొలిన్‌స్కీ. తమ జనం ముందు తమ యాసలో నవ్వించి పేరు తెచ్చుకున్నవాళ్లు బయటి ప్రపంచానికి వెళ్లేటప్పుడు ఇంటిపేరు గుమ్మం దగ్గర వదిలి వెళ్లారు. మన దగ్గర ఇంటిపేర్లు తెరమీద మోత మోగే కుటుంబాలూ ఉన్నాయి, ఇంటిపేరు బయటపెట్టకుండా కెరీర్ మొత్తం గడిపేసే కళాకారులూ ఉన్నారు.

ఇక రెండో వైపు. ఈ హోటళ్లలో వడ్డించే కుర్రాళ్లు ఎక్కువగా యూదు విద్యార్థులు. వేసవంతా టిప్పులు పోగేసి మెడిసిన్, లా ఫీజులు కట్టుకున్నారు. వాళ్లకు ఆ ఉద్యోగం మెట్టు. గిన్నెలు కడిగేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లలో నల్లజాతివాళ్లూ ప్యూర్టోరికన్లూ చాలామంది. న్యూయార్క్ బావరీ వీధిలో ఇల్లూ వాకిలీ లేక తాగుడికి బానిసైన మనుషుల్ని ఏజెంట్లు పోగేసి పంపేవాళ్లు. వాళ్లకది మెట్టు కాలేదు. ఈ హోటళ్లలోనే పెరిగిన సామాజిక శాస్త్రవేత్త ఫిల్ బ్రౌన్ 1998లో క్యాట్‌స్కిల్స్ సంస్కృతి మీద పుస్తకం తెచ్చాడు. అతిథి జ్ఞాపకాలకన్నా పనివాడి కంటితో చూసినందువల్లే అది విలువైంది. గ్రాసింగర్స్‌కు బేస్‌బాల్ వీరుడు జాకీ రాబిన్సన్ అతిథిగా వచ్చేవాడు. 1954 వేసవిలో స్కూలు కుర్రాడైన విల్ట్ చాంబర్లిన్ కట్షర్స్ హోటల్లో సామాన్లు మోసే పనిచేస్తూ బాస్కెట్‌బాల్ ఆడాడు. ఇవి ఫొటోలకు బాగుంటాయి. పేరులేని నల్లజాతి కుటుంబం వేసవికి ఎక్కడికి వెళ్లాలి?

ఆ ప్రశ్నకు అదే కొండల్లో ఒక మనిషి జవాబు కట్టాడు. క్లేటన్ బేట్స్ 1907లో సౌత్ కరోలైనాలో పుట్టాడు. పన్నెండేళ్ల వయసులో పత్తిగింజల మిల్లులో పనిచేస్తూ కాలు పోగొట్టుకున్నాడు. చెక్కకాలితో ట్యాప్ డ్యాన్స్ నేర్చుకుని ‘పెగ్ లెగ్ బేట్స్’ పేరుతో దేశమంతా ఆడాడు. క్యాట్‌స్కిల్స్ హోటళ్లలోనూ ఆడాడు. 1951లో భార్య ఆలిస్‌తో కలిసి కెర్‌హాంక్సన్ ఊళ్లో తన పేరుతోనే కంట్రీ క్లబ్ తెరిచాడు. నల్లజాతి కుటుంబాలు హార్లెమ్ నుంచి బస్సుల్లో వచ్చేవి. 1980ల దాకా నడిచింది. వెలివేయబడ్డవాళ్లు కట్టుకున్న కొండల్లో మళ్లీ వెలివేయబడ్డవాళ్లు ఇంకోటి కట్టుకోవాల్సి రావడాన్ని ఎవరికి అనుకూలంగానూ తిప్పి చెప్పక్కర్లేదు. మాల మాదిగ వాడల మధ్య గీతల గురించి మాట్లాడుకున్నవాళ్లం, పాకీపని చేసేవాళ్లను ఇంకా ఆవల కూర్చోబెట్టిన సంగతీ ఎరిగినవాళ్లం.

పాఠాలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు కూడా. హార్లెమ్ పోస్ట్‌మ్యాన్ విక్టర్ గ్రీన్ 1936లో మొదలుపెట్టిన ‘గ్రీన్ బుక్’ నల్లజాతి ప్రయాణికులకు ఏ ఊళ్లో ఎక్కడ దిగొచ్చో చెప్పే చిన్న పుస్తకం. యూదు పత్రికలు తమవాళ్లకు ఇలాంటి సమాచారం ఎప్పటినుంచో ఇస్తున్నాయని ఆ పుస్తకం ముందుమాటలోనే ఒప్పుకుంది.

తలుపు తెరుచుకున్నాక

ఈ హోటళ్లు ఎందుకు పోయాయి అంటే అమెరికాలో మూడు కారణాలు చెప్పే అలవాటుంది: విమానాలు, ఎయిర్ కండిషనర్లు, ప్రధాన స్రవంతిలో కలిసిపోవడం. మొదటి రెండూ తేలిగ్గా అర్థమవుతాయి. నగరంలో గది చల్లబడ్డాక కొండగాలి కోసం పరుగు తగ్గింది. అదే డబ్బుతో ఫ్లోరిడాకో ఐరోపాకో ఎగిరిపోవచ్చు. శివార్లలో సొంతిల్లు, పెరడు వచ్చాయి. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లాక రెండు నెలలు పిల్లలతో కొండమీద ఉండే వేసవే లేకుండా పోయింది. ప్యాసింజర్ రైలు 1953లోనే ఆగిపోయింది.

మూడోదే అసలుది. యుద్ధం తర్వాత, నాజీల ఘోరం లోకానికి తెలిశాక, యూదుల్ని బాహాటంగా వద్దనడం సిగ్గుచేటైంది. హోటల్లో యూదుడికి గది నిరాకరించే దృశ్యమున్న ‘జెంటిల్మెన్స్ అగ్రిమెంట్’ సినిమా 1947లో వచ్చి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం పేరిట వివక్షను దేశమంతటా నిషేధించింది. ఆ చట్టం నల్లజాతి జనం వీధుల్లో రక్తం చిందించి తెచ్చింది. దాంతో సరటోగా తలుపు ఇద్దరికీ తెరుచుకుంది. కానీ ఇద్దరూ ఒకేలా లోపలికి వెళ్లలేదు. యూదులు అప్పటికే తెల్లవారి లెక్కలోకి చేరిపోతున్నారు. వాళ్ల పిల్లలు తాతల హోటళ్లను నవ్వుకుంటూ వదిలేశారు. నల్లజాతివాళ్ల సొంత విడిదులు కూడా గిరాకీ లేక మూతపడ్డాయి, కానీ వాళ్లను బయటి హోటల్ గుమాస్తా చూసే చూపు మారడానికి చట్టం సరిపోలేదు.

సొంత చోటు పోవడాన్ని ఓటమి అనాలా, గెలుపు అనాలా? నా మట్టుకు నాకు అది ఎవరి విషయంలో అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర దీన్ని తలకిందులు చేసి చూపించేవాళ్లూ ఉన్నారు. శ్రీశైలం కొండ మీద కులానికో సత్రం ఉంది: బ్రాహ్మణ, ఆర్యవైశ్య, రెడ్డి, కమ్మ, వెలమ. ‘వాళ్లవి వాళ్లు కట్టుకున్నారు, మీరూ కట్టుకోండి, తప్పేముంది’ అంటారు. గ్రాసింగర్స్‌ను, ఆ సత్రాలను ఒకే గాటన కట్టడం కుదరదు. ఒకటి గది దొరకనివాళ్లు కట్టుకున్నది. రెండోది కట్టినవాళ్లకు ఏ ఊళ్లోనూ గది దొరక్కపోవడం అనే అనుభవమే లేదు. పేరు ముందు కులం ఉన్నంతమాత్రాన రెండూ ఆత్మగౌరవం కావు. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు ఆ దేశానికి వెళ్లారు. ఈ సత్రాల లెక్క కూడా కొంత సామాన్లలో కట్టుకెళ్లారు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించాల్సి వచ్చిందంటే, అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేసి ఆపాడంటే, అక్కడి మనవాళ్ల మధ్య ఏం నడుస్తున్నదో తెలుస్తుంది.

గ్రాసింగర్స్ 1986లో మూతపడింది. ఏళ్ల తరబడి పైకప్పులు కూలి, ఈతకొలనులో నాచు పట్టి, ఫొటోగ్రాఫర్లు వెతుక్కుంటూ వెళ్లే శిథిలమైంది. 2022లో మిగిలిన ఒక భవనం తగలబడింది. కాంకర్డ్ 1998లో మూతపడింది, ఆ స్థలంలో 2018లో పెద్ద క్యాసినో తెరిచారు. ఎల్లెన్‌విల్‌లో ఒక పాత బ్యాంకు భవనంలో ఈ చరిత్రకు మ్యూజియం పెడుతున్నారు. చిన్న బంగళాలు మాత్రం పూర్తిగా పోలేదు. బ్రూక్లిన్ నుంచి సంప్రదాయ హసీదీ యూదు కుటుంబాలు ఇప్పటికీ వేసవిలో అక్కడికే వెళ్తాయి. బయటి హోటల్ తలుపు తెరిచినా అందులోకి వెళ్లదలచనివాళ్లు వాళ్లు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది మాంటిసెల్లో దగ్గరి కట్షర్స్. చాంబర్లిన్ సామాన్లు మోసిన హోటల్ అదే. 2013లో దాన్ని జీ టీవీ అధినేత సుభాష్ చంద్ర కంపెనీ కొన్నది. మరుసటి ఏడాది పాత భవనాలు పడగొట్టేశారు. ఇప్పుడక్కడ ఆయుర్వేదం, యోగా నేర్పే ఖరీదైన ఆరోగ్య విడిది ఉంది. అక్కడికి కొంత దూరంలో, కెర్‌హాంక్సన్ మీదుగా వెళ్లే 209వ నంబరు రోడ్డులో ఒక ముక్కకు పెగ్ లెగ్ బేట్స్ పేరు పెట్టారు.